పదకొండేళ్లు విడిగా ఉన్న అక్కకు వాటా: గుణుపూర్ వకీలు గారి ఆఫీసు గురించి

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కింద రాశాను.

మా అక్క పదకొండేళ్లుగా కూతురితో పాతపట్నంలో మా దగ్గరే ఉంటోంది, బావ ఒడిశాలోని గుణుపూర్‌లో ఉండేవాడు. విడాకులు లేవు, కోర్టు మెట్లు ఎక్కింది లేదు, పెద్దమనుషులు రెండుసార్లు కూర్చోబెట్టినా కుదరలేదు, అంతే. మొన్న మాఘంలో బావ పోయాడు, వీలునామా రాయలేదు. కర్మలు అయ్యీ అవగానే బావ తమ్ముడు "ఇన్నేళ్లు కాపురం చెయ్యని మనిషికి వాటా ఏంటి" అన్నాడు. మేం ముందు వెళ్లిన డాక్యుమెంట్ రైటర్ కూడా అదే మాట అని, ఎంతో కొంత తీసుకుని హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టేయమన్నాడు. అక్క పెట్టేసేదే. నాకే మనసు ఒప్పక, తెలిసినవాళ్లు చెప్తే కోర్టు దగ్గరున్న ఈ వకీలు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన మొదట అడిగింది ఒక్కటే, "విడాకుల డిక్రీ ఉందా అమ్మా?" లేదంది అక్క. "అయితే నువ్వు ఆయన భార్యవే. పదకొండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు విడిగా ఉన్నా అంతే" అన్నారు. అక్క అక్కడే ఏడ్చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మగవాడు పోతే భార్య, పిల్లలు, తల్లి మొదటి వరుస వారసులట. మా విషయంలో ఇల్లు బావ సొంత సంపాదనతో కొన్నది, బావ వాళ్లమ్మ ఉన్నారు, కాబట్టి అక్కకు, మేనకోడలికి, అత్తగారికి తలో సమాన వాటా. వీళ్లుండగా తమ్ముడికి ఏమీ రాదు. కోర్టు జ్యుడీషియల్ సెపరేషన్ (భార్యాభర్తలు విడిగా ఉండొచ్చన్న ఉత్తర్వు) ఇచ్చినా పెళ్లి రద్దు కాదట, అది నాకు అప్పటిదాకా తెలియదు.

బ్యాంకు డిపాజిట్‌కు నామినీ ఆ తమ్ముడే. మాకు అసలు టెన్షన్ అదే. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకోగలడు గానీ అంతమాత్రాన అది అతని సొంతం కాదు, వారసులు అడగొచ్చు, 2010లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది అన్నారు. అక్కతో ఇంకో మాట కూడా దాచకుండా అడిగారు, బావకు బయట పిల్లలెవరైనా ఉన్నారా అని. ఉంటే, రెండో పెళ్లి చెల్లకపోయినా ఆ పిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందట. వినడానికి కష్టంగా ఉన్నా ముందే అడిగినందుకు నాకు గౌరవం కలిగింది.

తహసీల్దారు ఆఫీసులో వారసుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టించారు, డిపాజిట్ కోసం కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ (పోయినవాళ్ల డబ్బు వారసులు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) కేసు వేశారు. అఫిడవిట్ అంతా ఒడియాలోనే. అక్కకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆయన ప్రతి పేరా తెలుగులో చెప్పి, "అర్థమయిందా, ఇప్పుడు పెట్టు" అన్నాకే సంతకం పెట్టించారు. మావైపు వాళ్లు ఇలా ఎన్ని కాగితాల మీద ఏముందో తెలియకుండానే వేలిముద్రలు వేశారో!

ఇక తగ్గించిన స్టారు. మేం పొద్దున్నే రైలెక్కి వస్తే ప్రతిసారీ రెండు గంటలు వరండాలో కూర్చోవాలి, ఫోన్ ఎత్తరు, ఫీజుకు రసీదు అడిగితేనే ఇస్తారు. మొదటిసారి 500 తీసుకున్నారు, దాని గురించి నాకేం బాధ లేదు.

వెళ్లేవాళ్లు డెత్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఇంటి పట్టా, రేషన్ కార్డు, పెళ్లి ఫోటో ఒకటి తీసుకెళ్లండి. మా అక్క ఆ ఫోటోను పదకొండేళ్లు పెట్టె అడుగున చీర మడతలో దాచింది, ఇప్పుడు అది కోర్టు ఫైల్లో ఉంది.