అడాల్ఫ్ వంతెన: పనితనమంతా రోడ్డు కిందే

లక్సెంబర్గ్ నగరంలో పాత కోట ప్రాంతాన్ని రైల్వేస్టేషన్ వైపు పేటలతో కలుపుతూ, పెట్రూస్ లోయ మీదుగా సాగే అడాల్ఫ్ వంతెనను ట్రాములో కూర్చుని దాటిపోయేవారికి దాని గొప్పతనం ఏమాత్రం తెలియదు. బస్సులు, కార్లు, ట్రాము పట్టాలతో పైభాగం మామూలు నగర వీధిలాగే ఉంటుంది. ట్రాము ఇక్కడ నిల్వ చేసుకున్న విద్యుత్తుతోనే నడుస్తుంది కాబట్టి తలమీద తీగలు లేకపోవడం ఒక్కటే పైన చెప్పుకోదగిన సుగుణం.

1900లో మొదలై 1903లో పూర్తయిన ఈ వంతెన ఫ్రెంచి ఇంజినీరు పాల్ సెజూర్నే, స్థానిక ఇంజినీరు ఆల్బర్ట్ రోడాంజ్‌ల రూపకల్పన. 84.65 మీటర్ల నడిమి కమాను అప్పటికి ప్రపంచంలోని రాతి కమానులన్నింటిలోకీ పెద్దది. రెండేళ్లకే ఆ ఘనత జర్మనీలోని ప్లౌవెన్ వంతెనకు దక్కింది. రోడ్డు వెడల్పంతటికీ ఒకే కమాను కట్టకుండా, సన్నని కమానులు రెండింటిని పక్కపక్కన నిలిపి, మధ్య ఖాళీని రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు స్లాబుతో కప్పారు. దానివల్ల రాయి ఎంతో ఆదా కావడమే కాక, మొదటి కమానుకు వేసిన కర్ర సెంట్రింగునే పక్కకు జరిపి రెండోదానికీ వాడుకోగలిగారు. పొదుపు కోసం చేసిన ఆ ఏర్పాటే ఇంత బరువైన కట్టడానికి తేలికైన రూపాన్ని ఇచ్చింది.

2014 నుంచి 2017 వరకు జరిగిన మరమ్మతులలో, శతాబ్దానికి పైగా ఎవరికీ అక్కరకు రాని ఆ ఖాళీలోనే, స్లాబు కింద సైకిళ్లకూ పాదచారులకూ ఒక దారిని వేలాడదీశారు. పాత కట్టడాలకు కొత్త హంగులు అతికించడం మీద నాకు సదభిప్రాయం లేదు గాని, ఇది మాత్రం బయటి రూపాన్ని చెడగొట్టకుండా కమానుల మధ్యకే మనిషిని తీసుకువెళుతుంది. సైకిళ్లు వేగంగా వస్తాయి కాబట్టి పిల్లలతో వెళ్లేవారు ఓ పక్కగా నడవడం మేలు.

గోదావరి మీది వంతెనలు ఎరిగినవారు నీటి కోసం చూస్తే నిరాశ తప్పదు. పెట్రూస్ చిన్న వాగు, ఇక్కడి 42 మీటర్ల ఎత్తంతా లోయదే. 2020 నుంచి ప్రజా రవాణా ఉచితం కనుక టికెట్టు అక్కరలేదు. హమీలియుస్‌లో గాని, ప్లాస్ ద మెట్స్‌లో గాని ట్రాము దిగితే చాలు. వంతెన నిండు రూపం చూడాలంటే లోయలోని పార్కులోకి దిగాలి. తిరిగి ఎక్కలేమనుకునేవారికి రాజ్యాంగ చౌక్ అంచున పిట్టగోడ దగ్గర నుంచీ కమాను బాగానే కనిపిస్తుంది.