దారం తెగకుండానే తెగిందనే మిషన్

ఈ మిషన్ కొన్న కొత్తలో చుట్టాల్లో ఎవరు అడిగినా కళ్లు మూసుకుని కొనేయమన్నాను. ఇప్పుడు అడిగితే, "ఏ దారంతో కుడతారు?" అని ముందు నేనే అడుగుతున్నాను.

పన్నెండు సూదుల సింగిల్ హెడ్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ మాది. ఖమ్మంలో ఇంటి ముందు గదిలో పెట్టుకుని బ్లౌజు వర్కులు చేస్తున్నాను. మామూలు పాలిస్టర్ దారం ఎక్కిస్తే దీనికి వంక పెట్టలేను. శాటిన్ కుట్టును, అంటే పక్కపక్కనే ఒత్తుగా పడే కుట్టును, వెనక్కి తిప్పి చూడండి, మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అంటే కింది దారం, తెల్లగా, దానికి రెండు వైపులా పైదారం కనిపించాలి. అలాగే వస్తుంది. నా గొడవంతా దారం తెగితే మిషన్‌ని ఆపే ఆ సెన్సార్‌తోనే.

పైనుంచి వచ్చే దారం ఒక చిన్న చక్రం చుట్టూ తిరిగి సూదిలోకి దిగుతుంది. కుట్టు పడి దారం లాగినప్పుడల్లా చక్రం తిరగాలి. తిరగకపోతే దారం తెగినట్టు లెక్క, మిషన్ ఆగి ఆ సూది దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ నెమలి కన్ను, తీగల కొసలు లాంటి చోట కుట్లు మరీ చిన్నవి. లాగే దారమే కాస్త, చక్రం కదిలీ కదలనట్టు ఉంటుంది. దారం నిక్షేపంగా ఉన్నా మిషన్ మాత్రం తెగిపోయిందని ఆగి కూర్చుంటుంది. అదే బాబిన్ నిజంగా అయిపోయినప్పుడు? చాలాసార్లు దీనికి తెలియనే తెలియదు. పైదారం ఊగుతూ చక్రాన్ని అటూ ఇటూ కదుపుతూ ఉంటుంది కాబట్టి, కింద దారం లేకుండానే ఊరికే పొడుచుకుంటూ పోతుంది. ప్యానెల్‌లో సెన్సిటివిటీ తగ్గిస్తే ఉత్తుత్తి ఆగడాలు తగ్గుతాయి, అసలు తెగినప్పుడు కూడా ఆలస్యంగా ఆగుతుంది. పెంచితే మొదటికొస్తుంది.

పోయిన శ్రావణంలో దీని విశ్వరూపం చూశాను. ఒక పెళ్లికూతురి కంచిపట్టు బ్లౌజు వచ్చింది. చేతుల నిండా జరీ నెమళ్లు. ఎంబ్రాయిడరీ జరీ అంటే లోపల సన్నని దారం, దాని చుట్టూ మెరిసే పలచని రేకు. ఆ రేకు ఎక్కడైనా గీసుకుందంటే పొరలు పొరలుగా లేచి, లోపలి తెల్ల దారం బయటపడుతుంది. మొదటి చెయ్యి సగంలో ఉండగా సరిగ్గా అదే మొదలైంది. సెన్సార్‌కి ఇది కనపడదు, ఎందుకంటే దారం ఇంకా తెగలేదు కదా! రేకు లేచిన దారంతో మరి కొన్ని కుట్లు వేసి, పీచు సూది కన్నంలో ఇరుక్కుని తెగాక అప్పుడు ఆగింది. డిజైన్‌ని వెనక్కి తెచ్చి, పట్టు మీద పడ్డ ఆ తెల్ల కుట్లు సన్న కత్తెరతో ఒక్కొక్కటే విప్పి, మళ్లీ మొదలుపెడితే కాసేపటికి మళ్లీ అదే.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మేడం, డిజైన్‌లోనే తేడా ఉంది" అన్నారు. అదే డిజైన్ అంతకుముందు కుట్టాను. పట్టుబడితే విజయవాడ నుంచి మెకానిక్ వచ్చి హుక్ టైమింగ్, అంటే కింద తిరిగే హుక్కు సూది దారాన్ని అందుకునే సమయం, మార్చాడు, రానుపోను చార్జీలు తీసుకుని వెళ్లాడు. సాయంత్రానికి జరీ సంగతి అలాగే ఉంది, పైగా అంతవరకు బుద్ధిగా నడిచిన పాలిస్టర్ సూదుల్లో కూడా కుట్లు వదిలేయడం మొదలైంది. నెమ్మదస్తురాలైన మా అత్తయ్య కూడా ఆ రోజు ఆ మెకానిక్‌ని ఏమందో ఇక్కడ రాయలేను.

జరీకి అందరూ చెప్పేవన్నీ చేశాను. 11 నంబరు సూది తీసి కన్నం పెద్దదైన 14 పెట్టాను. వేగం 800 నుంచి 500కి దించాను. కోను మీద వల తొడిగి, దారం మెలిపడకుండా స్టాండు దూరం జరిపాను. కాస్త నయం, అంతే. జరీని వేరే సూదికి మార్చినా అక్కడా తెగింది. ఒక సూదిలోనే తెగితే తప్పు ఆ సూదిదో, దాని పైదారం దారిదో. అన్నిట్లో తెగుతోందంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే చూడాలి, అంటే కింద హుక్కు, సూది దిగే ప్లేటు.

అప్పుడు కనిపెట్టాను, నెమలి మెడ పైకి ఎక్కేటప్పుడు జరీ బాగానే పడుతోంది, అటు తిరిగి కిందికి దిగేటప్పుడే రేకు లేస్తోంది. ప్లేటు స్క్రూలు విప్పి ఫోన్ లైటు వేసి చూస్తే కంటికి ఏమీ కనపడలేదు. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఆ రంధ్రంలో తిప్పితే ఒక పక్కన దూది పట్టుకుంది. రంధ్రం అంచు మీద గుండుసూది మొనంత గరుకు. అంతకుముందు మందంగా ఉన్న జర్దోసీ అంచు మీద ఒక సూది విరిగింది, అది తగిలిన చోటే అయి ఉండాలి. పాలిస్టర్ దారం ఆ గరుకును లెక్కచేయదు, జరీ రేకు ఓర్చుకోదు. బాగా నున్నటి ఎమెరీ కాగితాన్ని సన్నగా చుట్టి మెల్లగా రుద్దాను, దూది పట్టుకోవడం మానేసింది. రెండో చెయ్యి దాదాపు ఆగకుండా పూర్తయింది. తర్వాత కొత్త ప్లేటు కూడా ఆర్టీసీ కార్గోలో తెప్పించి పెట్టుకున్నాను. దాని ధర ఒక బ్లౌజు కూలి కూడా కాదు. టైమింగ్ మాత్రం వేరే మెకానిక్‌తో మళ్లీ సరిచేయించాల్సి వచ్చింది.

ఇంత జరిగినా సెన్సార్ మీద కోపం పోలేదు. ప్లేటు బాగుపడ్డాక కూడా చిన్న కుట్ల దగ్గర ఉత్తుత్తిగానే ఆగుతుంది. ఇప్పుడు జరీ డిజైన్లు చేసిచ్చే అబ్బాయికి ముందే చెబుతున్నాను, కుట్టు పొడుగు పెంచు, కుట్ల ఒత్తు తగ్గించు అని. దాంతో చాలావరకు సర్దుకుంది. నెమలి కన్ను మాత్రం ఇంకా చేత్తోనే కుట్టేస్తున్నాను.

కరెంటు పోయినా ఆగిన కుట్టు దగ్గరి నుంచే మళ్లీ మొదలెడుతుందని ఒకప్పుడు తెగ పొగిడాను. అది అబద్ధం కాదు. కాకపోతే కరెంటు లేనప్పుడు బట్ట బిగించిన ఫ్రేముకు చెయ్యి తగిలి జరిగిందంటే ఆ గుర్తు పనికిరాదు, మాదేమో పిల్లలున్న ఇల్లు. మిషన్ వేసి వంట చేసుకోవచ్చని కూడా అన్నాను. పాలిస్టర్ అయితే సరే, జరీ ఎక్కించిన రోజు పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే మా ఆయన మిషన్ దగ్గర కూర్చోవాల్సిందే.

మరి కొనమంటానా? గది అద్దె లేదు, చేతికింద సాయం ఉంది కాబట్టి నాకు గిట్టుబాటు అవుతోంది. మీకు ఎక్కువగా రోజువారీ పాలిస్టర్ వర్కులే వస్తే ధైర్యంగా తీసుకోవచ్చు. పెళ్లి బ్లౌజుల మీదే నడిచే షాపు అయితే, మెకానిక్ మీ ఊళ్లోనే దొరుకుతాడో లేదో చూసుకోండి, మీ సొంత జరీ కోను పట్టుకెళ్లి, వాళ్ల ముందే ఒక నెమలి మొత్తం కుట్టించి చూడండి. ఇది అమ్మేసి వేరేది తీసుకుందామని మా ఆయన అంటున్నారు. శ్రావణం ఆర్డర్లు అప్పుడే ఒప్పేసుకున్నాను, ఈ సీజన్ అయ్యేదాకా ఆ మాట పక్కన పెట్టమన్నాను.