పిట్స్‌బర్గ్‌లో పదకొండేళ్లు: మైళ్లు కాదు, మెట్లు లెక్కపెట్టుకోండి

2014 ఆగస్టులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వచ్చినప్పుడు మేం మ్యాప్ చూసి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సౌత్ సైడ్ స్లోప్స్ అనే పేటలో, కొండ మీద. బస్టాపు కింద కార్సన్ స్ట్రీట్‌లో ఉంది, నడిస్తే పది నిమిషాలని ఫోన్ చూపించింది. అద్దె కూడా తక్కువే. సామాను దింపుకున్నాక తెలిసింది, మ్యాప్‌లో వీధిలా కనిపించిన గీత వీధి కాదు, మెట్ల దారి అని. ఈ ఊళ్లో ఇలాంటివి వందల్లో ఉన్నాయి. కొన్నిటికి వీధి పేరు, బోర్డు కూడా ఉంటాయి. ఆగస్టులో బాగానే అనిపించింది. జనవరిలో గడ్డకట్టిన మంచు మీద, ఏడాదిన్నర పాపను చంకనేసుకుని ఆ మెట్లు దిగిన ఉదయం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగాను. లీజు అవగానే ఇల్లు మారిపోయాం.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లు ఎవరడిగినా మొదట ఇదే చెప్తాను. ఇక్కడ దూరాన్ని మైళ్లతో కొలవకండి. అలెగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, కొండల మధ్య పెరిగిన ఊరు ఇది. ఎటు వెళ్లాలన్నా ఒక వంతెనో, సొరంగమో దాటాలి. తూర్పు శివారు మన్రోవిల్ నుంచి డౌన్‌టౌన్‌కు ఆదివారం పొద్దున ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతాం. అదే సోమవారం ఎనిమిదింటికి స్క్విరల్ హిల్ టనెల్ ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు, మీరు రోజూ బయలుదేరే టైముకే ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి.

డౌన్‌టౌన్‌లో ఉద్యోగమైతే ఈస్ట్ బస్‌వే పక్కన ఇల్లు వెతుక్కోమంటాను. 1983 నుంచి నడుస్తున్న ఈ రోడ్డు బస్సులకే ప్రత్యేకం, అందులో కార్లు ఉండవు. మా ఆయన నాలుగేళ్లు పీ1 బస్సులో వెళ్లొచ్చారు, రోడ్డు ట్రాఫిక్ వల్ల ఆలస్యమైన రోజు చాలా అరుదు. పిట్ (యూనివర్సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్), కార్నెగీ మెలన్ యూనివర్సిటీ విద్యార్థులు తమ ఐడీ కార్డుతో బస్సుల్లో టికెట్ లేకుండా తిరగొచ్చు. వాళ్లు మొదటి ఏడాదే కారు కొనక్కర్లేదు.

పన్ను సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. పెన్సిల్వేనియా రాష్ట్ర ఆదాయపు పన్ను 3.07 శాతం. అది కాక మీరుండే ఊరికీ, అక్కడి ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకూ కలిపి జీతం మీద ఇంకో పన్ను ఉంటుంది. పిట్స్‌బర్గ్ నగరం హద్దుల్లో అది 3 శాతం, చాలా శివారు ఊళ్లలో 1 శాతం దగ్గర్లో ఉంటుంది. అద్దె వంద డాలర్లు తక్కువని నగరంలో తీసుకుంటే ఆ తేడా ఇక్కడ పోవచ్చు. ఈ పన్నుకు రిటర్ను కూడా విడిగా వేయాలి. మేం ఫెడరల్, స్టేట్ వేసి అయిపోయిందనుకున్నాం. మూడో ఏడు జరిమానాతో ఉత్తరం వచ్చింది. జీతంలోంచి పన్ను కోసుకున్నా రిటర్ను వేయాల్సిందేనని అప్పుడు తెలిసింది.

ఇల్లు కొనేవాళ్లు ఈ మూడు విషయాలు దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మేం 2018లో కొన్నాం. ఒకటి, ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఇళ్ల కింద పాత బొగ్గు గనులున్నాయి. నేల కుంగి గోడలు పగిలితే మామూలు హోమ్ ఇన్సూరెన్స్ డబ్బివ్వదు. దానికి రాష్ట్ర పర్యావరణ శాఖే వేరుగా ఒక ఇన్సూరెన్స్ ఇస్తుంది. మీ అడ్రసు కింద గని ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెండు, రేడాన్. నేలలోంచి బేస్‌మెంట్‌లోకి చేరే వాయువు ఇది, వాసన ఉండదు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. లెక్క లీటరు గాలికి 4 పీకోక్యూరీలకు (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) చేరితే తగ్గించే ఏర్పాటు చేయించుకోవాలని ప్రభుత్వం చెబుతుంది. మా ఇంట్లో 9 వచ్చింది. అమ్మేవాళ్లతో మాట్లాడి, ఆ గాలిని బయటికి లాగే పైపు, ఫ్యాను వాళ్ల ఖర్చుతోనే పెట్టించుకున్నాం. మూడు, నీళ్లు. కొండవాలు ఇళ్లలో వానకు బేస్‌మెంట్ గోడలు చెమ్మగిల్లుతాయి. కొత్తగా రంగేసిన బేస్‌మెంట్ చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. గట్టి వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి చూడండి.

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కారు అడుగుభాగాన్ని తినేస్తుంది, ఏటా చేయించాల్సిన ఇన్‌స్పెక్షన్‌లో ఆ తుప్పే మా పాత కారును ఫెయిల్ చేసింది. పాత కారు కొనేటప్పుడు అడుగున చూడకుండా డబ్బు కట్టకండి. ఇంకొకటి, సిగ్నల్ పచ్చ పడగానే ఎదుటి కారు మీకంటే ముందు ఎడమకు తిరిగేస్తుంది. దీన్ని పిట్స్‌బర్గ్ లెఫ్ట్ అంటారు. చట్టంలో లేదు, అలవాటు అంతే. పచ్చ పడగానే దూకుడుగా వెళ్లకుండా ఒక్క క్షణం ఆగి చూడండి. మంచు ఎత్తిపోసిన పార్కింగ్ జాగాలో ఎవరైనా కుర్చీ పెట్టి ఉంచితే అది వాళ్లదే, దాన్ని కదపకండి.

నవంబరు నుంచి మార్చి దాకా ఆకాశం మబ్బుగానే ఉంటుంది. ఇంట్లో చిన్న పిల్లలతో ఉండే తల్లులకు ఇది నిజంగా కష్టం. నన్ను కాపాడింది కార్నెగీ లైబ్రరీ. ఓక్‌లాండ్ పేటలో 1895 నాటి భవనం, పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమాలు, పిల్లలతో వచ్చే తల్లులు. లైబ్రరీ కార్డు ఉంటే రాడ్‌పాస్ అని ఊళ్లోని చూడదగ్గ చోట్లకు ఉచిత పాసులు కూడా ముందుగా తీసుకోవచ్చు. వచ్చిన వారంలోనే ఆ కార్డు చేయించుకోండి.

పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1970ల్లో కట్టినది, అమెరికాలో తొలినాటి హిందూ ఆలయాల్లో ఒకటి. శనివారం పార్కింగ్‌లో ఒహాయో, వెస్ట్ వర్జీనియా నంబరు ప్లేట్లు కనిపిస్తాయి. దర్శనమయ్యాక క్యాంటీన్‌లో పులిహోర తింటూ పక్క టేబుల్ వాళ్లతో కలిపిన మాటలతోనే మాకు ఇక్కడ మొదటి స్నేహాలు మొదలయ్యాయి. దుకాణం, డాక్టరు, డ్రైవింగ్ నేర్పేవాళ్లు, అన్నీ అక్కడే తెలిశాయి.

ఇంటి నుంచి అమ్మానాన్నలు వస్తారనుకుంటే ఇల్లు చూసేటప్పుడే రోడ్డు నుంచి గుమ్మం దాకా మెట్లు లెక్కపెట్టండి. మాకు బాగా నచ్చిన ఒక ఇంటికి 31 ఉన్నాయి. మా అమ్మ మోకాళ్లు గుర్తొచ్చి మనసు చంపుకుని వదిలేశాం. తర్వాత మన్రోవిల్‌లో కొన్న ఇంటికి రెండే మెట్లు. 2019లో అమ్మ ఆరు నెలలు ఉంది. రోజూ సాయంత్రం ఎవరి సాయమూ అడక్కుండా తలుపు తీసుకుని, వీధి చివరిదాకా నడిచి వచ్చేది.