పాము ఫొటో పెడితే పేరు చెప్పే యాప్: ఆరు నెలలు వాడాక నా మాట

యాప్ పేరు రాయడం లేదు. స్టోర్‌లో ఇలాంటివి అరడజను ఉన్నాయి, నేను చూసినంతలో అన్నీ ఆ తానులో ముక్కలే.

మాది తెనాలికి కాస్త అవతల, ఊరి చివర కొత్త లేఅవుట్. నాలుగిళ్లు, మిగతావన్నీ ఖాళీ ప్లాట్లు, కంప, వెనక కాలవ, దాని వెనక వరి. అంటే ఎలకలు, కప్పలు, వాటి వెనకే ఇవి. రాత్రిపూట మా అత్తయ్య పాము అనే మాట నోట రానివ్వదు, పురుగు అనాలి. జులైలో వానలు మొదలవగానే మావారు ఈ యాప్ వేసుకున్నారు. మూడు రోజులు ఉచితం, తర్వాత నెలకి 149 రూపాయలు. దాని బదులు ఒక మంచి టార్చిలైటు కొనుక్కోవచ్చని నేను అప్పుడే అన్నాను.

మొదటి పరీక్ష ఆగస్టులో వచ్చింది. బాత్రూం గోడ మీద, వెంటిలేటర్ దగ్గర, జానెడున్నర పాము. గోధుమ రంగు, తెల్ల చారలు. ఫొటో పెట్టగానే ఎర్రటి పుర్రె బొమ్మ వేసి కామన్ క్రైట్, 91 శాతం అంది. క్రైట్ అంటే మన కట్లపాము. ఇంక చూడండి టెన్షన్, మావారి చేతిలో కర్ర, అత్తయ్య దేవుడి గదిలో, పిల్లలు మంచం మీద. ఊళ్లో పాములు పట్టే అబ్బాయికి ఫోన్ చేస్తే నలభై నిమిషాలకి వచ్చాడు, ఒక్క చూపు చూసి "అక్కా, ఇది ఏమీ చేయదు, బల్లుల కోసం వచ్చింది" అన్నాడు.

ఇంగ్లీషులో దీన్ని వుల్ఫ్ స్నేక్ అంటారు. మా వైపు దీన్ని కూడా కట్లపామనే అంటారు, అలా ఎన్ని చచ్చాయో. యాప్‌లో తెలుగు పెట్టుకుంటే దీని పేరు "సాధారణ తోడేలు పాము" అని వస్తుంది! రక్తపింజరిని "రస్సెల్ వైపర్" అని అలాగే వదిలేశారు. అత్తయ్యకి ఫోన్ చూపిస్తే ఇవెక్కడి పాములు, మనూరివేనా అని అడిగింది.

ఆ అబ్బాయి ఫోన్లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చెప్పినది యాప్‌లో ఎక్కడా లేదు. వుల్ఫ్ స్నేక్‌కి చారలు మెడ దగ్గర్నుంచే మొదలవుతాయి, అక్కడే వెడల్పు, తోక వైపు పోయేకొద్దీ మసకబారతాయి. కట్లపాముకి దాదాపు తిరగేసి ఉంటుంది, నల్లగా నిగనిగలాడే ఒళ్లు, ముందు భాగంలో చారలు ఉండీ లేనట్టు, వెనక్కి పోయేకొద్దీ స్పష్టంగా, సన్నగా, చాలాసార్లు రెండేసి జతగా. కానీ కట్లపాము పిల్లలకి ముందు నుంచే చారలు బాగా కనిపిస్తాయట, కాబట్టి చిన్న పాము విషయంలో ఈ లెక్క నమ్మకూడదు. గోడ ఎక్కింది కాబట్టి కట్లపాము కాదు అన్నదీ అంతే, గరుకు గోడైతే అదీ ఎక్కగలదు. గట్టి గుర్తు ఏమిటంటే, కట్లపాముకి వెన్ను మీద నడిమి వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు మూలలవి. అది చూడాలంటే ఎంత దగ్గరికి పోవాలో మీరే ఆలోచించండి. ఈ యాప్‌లో అసలు తిరకాసు అదే, మంచి జవాబు రావాలంటే మంచి ఫొటో కావాలి, మంచి ఫొటో కావాలంటే పోకూడనంత దగ్గరికి పోవాలి.

రెండోది నవంబరులో. రాత్రి పది, మోటారు పక్కన బట్టలుతికే రాయి కింద సగం దూరి ఉంది. మావారు దూరం నుంచి ఫ్లాష్ వేసి తీశారు. ఈసారి పచ్చ టిక్కు పెట్టి తోడేలు పాము, 78 శాతం, విషం లేదు అంది. ఆయన చేటా చీపురూ తేవడానికి లోపలికి వెళ్లారు, నిజంగా. నాకెందుకో ఆ నలుపు నచ్చలేదు, సైకిల్ ట్యూబులా మెరుస్తోంది, చారలు జతలు జతలుగా ఉన్నాయి. ఫోన్ చేస్తే "అన్నయ్యని ఆగమను అక్కా, నేనొచ్చేదాకా దూరం నుంచి చూస్తూ ఉండండి చాలు" అన్నాడు. కట్లపామే. తర్వాత అదే ఫొటోని కాస్త కత్తిరించి మళ్లీ పెడితే క్రైట్, 64 శాతం అంటోంది. దేన్ని చూసి అలా అందో ఒక్క ముక్క చెప్పదు, శాతాలు మాత్రం పరీక్షా ఫలితాల్లా పడేస్తుంది.

పువ్వు పేరు తప్పు చెప్తే ఎవరికీ ఏమీ కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని పరిశోధకులు లెక్కకట్టారు, చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

"మీరే గుర్తుపట్టండి" అని ఒక పేజీ ఉంది, దాన్ని చూసి ఇంకా కోపం వచ్చింది. తల త్రికోణంగా ఉంటే విషం, కంటిపాప నిలువుగా ఉంటే విషం అట. తాచుకీ కట్లపాముకీ తల త్రికోణం కాదు, కంటిపాప గుండ్రమే. కొండచిలువకి నిలువు పాప, విషం లేదు. కాటు లక్షణాలు అన్ని పాములకీ ఒకటే రాశారు, నొప్పి, వాపు అని. కట్లపాము కాటుకి చాలాసార్లు రెండూ ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు, నేల మీద పడుకున్నవాళ్లు తెల్లారుజామున కడుపునొప్పితో, రెప్పలు వాలిపోతూ లేస్తారు. అప్పుడు ఫొటో కోసం వెతకడం కాదు, 108. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ఇస్తారు, డాక్టర్లు లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు, పామును పట్టుకెళ్లే పనే లేదు. యాప్‌లో మాత్రం "చికిత్స కోసం స్పష్టమైన ఫొటో తీయండి" అని రాసి ఉంది.

బాగున్నవీ చెప్పాలి. పగటి వెలుగులో జెర్రిపోతుని నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ సరిగ్గా చెప్పింది, మా పక్కింటాయన పడగ విప్పని తాచు అని కర్ర తీసిన రోజు కూడా. పెద్ద కన్ను, పెదవుల మీద నల్ల గీతలు జెర్రిపోతువి. రక్తపింజరినీ ఇసుకలో ఉండే, విషం లేని బోవా పామునీ పక్కపక్కన చూపించే పేజీ చాలా బాగుంది. పింజరికి గొలుసులా మూడు వరసల మచ్చలు, బోవాకి ఒక తీరూ తెన్నూ లేని మచ్చలు, పొట్టి తోక. పగలు తీరిగ్గా కూర్చుని చూసుకోవడానికి పనికొస్తుంది.

ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ ఆ పేజీకే. డబ్బు కట్టడం ఆపేశాం. ఆ అబ్బాయి పెట్రోలుకి మూడొందలు తీసుకుంటాడు, నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. అత్తయ్య తన ఫోన్లో "పురుగుల అబ్బాయి" అని సేవ్ చేయించుకుంది.