ముహూర్తానికి మూడు వందల టికెట్టు: ప్రాధాన్య డేటా ప్లాన్, మూడు నెలల తర్వాత

నా పని పెళ్లిళ్లకు లైవ్ పెట్టడం. ఊరు మదనపల్లె, ఉండేది బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో. రెండు కెమెరాలు, ఒక స్విచర్, ఒక పాత లాప్‌టాప్, దాని ముందు కూర్చుని ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) చూసుకునే నా భార్య సుజాత. అంతే మా కంపెనీ. చౌల్ట్రీలో పిల్ల తండ్రి అల్లుడి కాళ్లు కడుగుతుంటే డాలస్‌లోనో ప్రొద్దుటూరులోనో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని చూస్తుంటారు. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం ఒక్కసారే వస్తుంది. ఆ నిమిషంలో బొమ్మ ఆగి తెర మీద చక్రం తిరిగిందంటే, అంతకుముందు రెండు గంటలు అద్దంలా వచ్చిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

పోయిన కార్తీకంలో సరిగ్గా అదే జరిగింది. హొసకోటె రోడ్డు మీద పెద్ద చౌల్ట్రీ, ఎనిమిది వందల మంది జనం. మేళం పెరిగింది, అందరూ ఫోన్లు పైకెత్తారు, మా లైవ్ నాలుగు నిమిషాలు ఆగిపోయింది. పెళ్లివారు మంచివాళ్లే, తిట్టలేదు. లెక్క తేల్చేటప్పుడు మాత్రం మూడు వేలు తగ్గించి ఇచ్చారు. (చౌల్ట్రీలో వైఫై ఉంది కదా అంటారేమో. ఉంటుంది, మేనేజర్ గదిలో.) నాలుగు సిమ్ములు కలిపి పంపే పెట్టెలు టీవీ చానళ్ల వాళ్ల దగ్గర ఉంటాయి. వాటి ధర నా రెండు కెమెరాల కంటే ఎక్కువ.

అందుకని మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు, జనం ఎక్కువైనప్పుడు "మీ డేటాకే ముందు దారి" అని అమ్ముతున్న పోస్ట్‌పెయిడ్ ప్లాన్ తీసుకున్నాను. కంపెనీ పేరు రాయను. షోరూమ్‌లో ఉన్న అమ్మాయిది హిందూపురం, తెలుగులోనే చక్కగా చెప్పింది. మామూలు ప్లాన్ 449, ఇది 699. రెండింటి మీదా జీఎస్టీ 18 శాతం. అంటే నెలకు 530కి బదులు 825. తేడా 295.

"అయితే మూడు వందల టికెట్టు అన్నమాట" అంది సుజాత. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఆమె లెక్క.

పోలిక బాగుంది కానీ ఒకచోట కుదరదు, అది తర్వాత చెబుతాను.

ముందు ఎలా పరీక్షించానో చెప్పాలి. నా దగ్గర ఒకే రకం సిమ్ రూటర్లు రెండున్నాయి. ఒకదానిలో కొత్త సిమ్, రెండోదానిలో అదే కంపెనీ మామూలు సిమ్. వేరే కంపెనీ సిమ్ పెడితే పోలికే తప్పు, ఎందుకంటే టవర్ వేరు, జనం వేరు. రెండింటినీ స్టేజీ పక్కన ఒకే బల్ల మీద పెట్టాను. నాకు డౌన్‌లోడ్‌తో పని లేదు, అప్‌లోడ్ కావాలి. నా లైవ్‌కు 4.5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నిలకడగా వస్తే చాలు.

మొదటి పెళ్లి మళ్లీ ఆ హొసకోటె రోడ్డు చౌల్ట్రీలోనే. తెల్లవారుజామున 5 గంటలకు, వంటవాళ్లు తప్ప ఎవరూ లేనప్పుడు, మామూలు సిమ్ అప్‌లోడ్ 28, డబ్బు సిమ్ (అంటే కొత్త ప్లాన్‌ది) 29. తేడా లేదు, ఉండకూడదు కూడా. ఈ ప్లాన్ టవర్‌కు కొత్త బలం ఏమీ ఇవ్వదు. నెట్‌వర్క్ లోపల ప్రతి సిమ్‌కూ ఒక తరగతి నంబరు ఉంటుంది. ఇరుకు వచ్చినప్పుడు ఎవరి డేటా ముందు పంపాలో టవర్ ఆ నంబరు చూసి తేల్చుకుంటుంది. ఇరుకు లేకపోతే నంబరుతో పనే లేదు. 10:40కి, గౌరీపూజ అయి పిల్లను బుట్టలో తెచ్చే వేళకు, మామూలు సిమ్ 1.1కి పడిపోయింది. డబ్బు సిమ్ 6 దగ్గర నిలబడింది. తలంబ్రాల దాకా ఒక్క చక్రం కూడా తిరగలేదు. సుజాత లాప్‌టాప్ మీంచి తలెత్తి నవ్వింది. ముహూర్తం టైములో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

చౌల్ట్రీలోనే ఇంత ఇరుకు ఎందుకంటే, మన దేశంలో 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒకే దారిని వంతులేసి వాడతారు: కాసేపు డౌన్‌లోడ్, కాసేపు అప్‌లోడ్. జనం రీల్స్, సినిమాలు చూడటమే ఎక్కువ కనుక డౌన్‌లోడ్‌కే ఎక్కువ వంతులు పెడతారు. మామూలు రోజుల్లో అది సబబే. పెళ్లిలో లెక్క తిరగబడుతుంది. తాళి కట్టగానే వందలమంది ఒకేసారి స్టేటస్ పెడతారు. ఆ కాస్త సందులోంచే నా లైవ్ కూడా వెళ్లాలి.

అదే పెళ్లిలో జరిగిన ఇంకో విషయం రాయకపోతే ఈ రివ్యూ సగం అబద్ధం అవుతుంది.

పెళ్లికూతురి చిన్నాన్న ఒకాయన నా బల్ల పక్కనే నిలబడి వాళ్లమ్మకు వీడియో కాల్ చేస్తున్నాడు. ఆమె మదనపల్లెలో మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. "అమ్మా, కనపడుతోందా? అమ్మా!" అని అరుస్తున్నాడు. ఫోన్‌లో ఆమె ముఖం సగం కన్ను మూసి ఆగిపోయింది. ఆయనదీ అదే కంపెనీ సిమ్, మామూలు ప్లాన్. నా తెర వైపు చూశాడు.

"అన్నా, మీకు బాగా వస్తోంది కదా. కొంచెం హాట్‌స్పాట్ ఇస్తారా?"

ఇవ్వలేదు. ఇస్తే లైవ్ దెబ్బతింటుంది. లింక్ పంపుతాను, అమ్మగారు అందులో చూడొచ్చు అన్నాను.

"చూడటానికి కాదన్నా. పిల్లతో మాట్లాడాలంట."

తలంబ్రాలు అయ్యాక, పది నిమిషాలు ఆలస్యంగా, హాట్‌స్పాట్ ఇచ్చాను. అప్పటికి పిల్లను బంధువులు చుట్టేశారు.

ఆయన కాల్ ఆగింది నా లైవ్ వల్లేనా? నిరూపించలేను. ఎనిమిది వందల ఫోన్లలో నాది ఒకటి. కానీ ఆ సందులో వరుసగా గంటల తరబడి 4.5 చొప్పున తోస్తున్నది నేనే, అదీ ముందు వరుసలోంచి. టవర్‌లో ఉన్న చోటు పెరగలేదు. నాకు ముందు ఇచ్చిందేదో వెనకవాళ్ల వంతులోంచే వచ్చింది.

ఇక్కడ నాకు కొంచెం సిగ్గేసింది కూడా. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి గుర్తుందా, ఇంటర్నెట్‌లో తేడాలు పెట్టొద్దని? అందులో ఒకటి నాది. అప్పుడు ఎయిర్‌టెల్ జీరో, తర్వాత ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్: కొన్ని సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి ధరలను నిషేధించింది. ఫ్రీ బేసిక్స్ మూటాముల్లె సర్దుకుంది. 2018లో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఒప్పుకుని, లైసెన్సు షరతుల్లో కూడా పెట్టింది. గెలిచాం అనుకుని నేను మళ్లీ కెమెరా పనిలో పడ్డాను.

ఆ నియమాలు మళ్లీ చదివితే తెలిసిందేమిటంటే, అవి కాపాడేది కంటెంట్‌ను. ఫలానా సైటును ఆపకూడదు, నెమ్మదింపజేయకూడదు, డబ్బు తీసుకుని ముందుకు నెట్టకూడదు. మనుషుల మధ్య తేడా మాటేమిటి? నా ప్లాన్‌లో యూట్యూబ్, వాట్సాప్, గుడి వెబ్‌సైటు అన్నీ సమానమే. నేనూ పెళ్లికూతురి చిన్నాన్నా మాత్రం సమానం కాదు.

ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు. 2020 జులైలో ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ ప్లాన్లు ఇలాగే "ప్రాధాన్యం, ఎక్కువ వేగం" అంటే ట్రాయ్ ఆపమంది. వాళ్లకు ముందు ఇస్తే మిగతా వినియోగదారుల సేవ తగ్గదా అని నిలదీసింది. వొడాఫోన్ ఐడియా టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లి మధ్యంతర ఊరట తెచ్చుకుంది. ఆగస్టులో ట్రాయ్ షోకాజ్ నోటీసు ఇచ్చింది: ప్లాన్‌లో పారదర్శకత లేదు, తప్పుదోవ పట్టించేలా ఉంది అని. చివరికి కంపెనీ వేగం మాటలు తీసేసి ప్లాన్ సవరించుకుంది. గొడవ సద్దుమణిగింది కానీ అసలు ప్రశ్నకు జవాబు రాలేదు.

డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఇవన్నీ చెబితే నవ్వాడు. అక్కడ ఏటీ అండ్ టీ 2024లోనే ఇలాంటిదే టర్బో అని పెట్టింది, లైనుకు నెలకు 7 డాలర్లు అదనం. అమెరికాలో నెట్ న్యూట్రాలిటీ నియమాలనే 2025 జనవరిలో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. "నువ్వు ఇంకా మెయిళ్ల కాలంలో ఉన్నావు బావా" అన్నాడు. వాడి మాటలో కొంత నిజం ఉంది. రోజూ ఒకే అవసరం అందరికీ ఉండదు. తిండి పెట్టే పనికి నేను కాస్త ఎక్కువ ఇస్తానంటే కంపెనీ ఎందుకు వద్దనాలి? టవర్లు కట్టడానికీ స్పెక్ట్రమ్ కొనడానికీ డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా.

సరే అనుకుంటుండగా ఫాల్గుణంలో వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెళ్లి వచ్చింది. పైన ఒక హాలు, కింద ఒక హాలు, రెండు పెళ్లిళ్లకూ ఒకే ముహూర్తం. లైవ్ పెట్టేవాళ్లం మొత్తం ముగ్గురం. టీ తాగుతూ మాట్లాడుకుంటే ఇద్దరి దగ్గర ఇదే ప్లాన్. పెళ్లికొడుకు తరఫు ఐటీ కుర్రాళ్లలో ఎంతమంది దగ్గర ఉందో దేవుడికే తెలియాలి. ఆ రోజు డబ్బు సిమ్ 2.3 దాటలేదు. సుజాత బిట్ రేట్ తగ్గించి, బొమ్మను 720కి దించి ఎలాగో నెట్టుకొచ్చింది. అమ్మాయి తల్లి "మా వాళ్లు మసగ్గా ఉందంటున్నారు" అని రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లింది.

సుజాత పోలిక కుదరనిది ఇక్కడే. తిరుమలలో మూడు వందల టికెట్లకు కోటా ఉంటుంది, టైము ఉంటుంది. టికెట్లు అయిపోతే అయిపోయాయంటారు. సర్వదర్శనం వాళ్లకు ఎన్ని గంటలు పడుతుందో బయట చెబుతారు. ఈ ప్లాన్‌కు కోటా లేదు. ఒక టవర్ కింద ఎంతమందికి అమ్మారో చెప్పరు. షోరూమ్ అమ్మాయిని అడిగాను. "అది మా సిస్టంలో కనపడదన్నా" అంది, నిజమే చెప్పి ఉంటుంది. కస్టమర్ కేర్‌కు చేస్తే కనీస వేగానికి హామీ లేదని షరతుల్లో ఉందన్నారు. ఉంది, అడుగున. అందరికీ అమ్మేస్తే మళ్లీ అందరం ఒకే వరుసలో ఉంటాం, ఒక్కొక్కరం 295 పోగొట్టుకుని. కొనని ఆ చిన్నాన్నలాంటివాడు మాత్రం ఇంకా వెనక్కి పోతాడు.

ఇంకో చౌల్ట్రీలో వియ్యాలవారి విందు నేలమాళిగలో పెట్టారు. అక్కడ ఏ ప్లాన్‌కూ సిగ్నల్ లేదు. ట్రాయ్ 2024లో తెచ్చిన నియమాలతో కంపెనీల చేత వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టిస్తోంది, ముందు రోజు చూశాను కూడా. ఆ చౌల్ట్రీ మీద రంగు నిండుగా ఉంది. రంగు వీధిదాకానే అని అప్పుడు తెలిసింది. మ్యాపులు పెట్టించినట్టే, ఏ టవర్ కింద ఎన్ని ప్రాధాన్య సిమ్ములున్నాయో కూడా పెట్టిస్తే నాలాంటివాడు బుకింగ్ ఒప్పుకునే ముందే చూసుకుంటాడు. మామూలు సిమ్‌కు ఇంతకంటే తగ్గకూడదని ఒక గీత కూడా గీస్తే, ఆ చిన్నాన్న ముఖం నాకు గుర్తొచ్చేది కాదు.

మూడు నెలల్లో 11 పెళ్లిళ్లు చేశాం. ఐదింటిలో రెండు సిమ్ములూ ఒకేలా పనిచేశాయి, జనం రెండు వందలు దాటలేదు. నాలుగింటిలో ఈ ప్లాన్ లేకపోతే పరువు పోయేది. ఒకటి వైట్‌ఫీల్డ్, ఒకటి నేలమాళిగ. అదనంగా కట్టింది 885 రూపాయలు, కార్తీకంలో ఒక్క పూటలో పోయింది మూడు వేలు. కాబట్టి నా పనికి గిట్టుబాటే. ఇంట్లో కూర్చుని సినిమాలు చూసేవాళ్లకు దండగ, ఆ డబ్బుతో బ్రాడ్‌బ్యాండ్ పెట్టుకోండి. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తాను. ఒకటి కోటా చెప్పనందుకు కోసేశాను. ఇంకోటి నెలవారీ తప్ప రోజువారీగా అమ్మనందుకు. నాకు కావలసింది ముహూర్తం రోజుకే. ఆషాఢంలో ఒక్క పెళ్లీ ఉండదు, అయినా 825 కట్టాలి. మామూలు ప్లాన్‌కు దిగాలంటే బిల్లు తేదీకి వారం ముందే చెప్పాలట. సుజాత గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్రగా గీసి పెట్టింది.

పోయిన వారం ఆ చిన్నాన్న ఫోన్ చేశాడు. నంబరు దాచుకున్నాడట. వాళ్లన్నయ్య షష్టిపూర్తి జూన్‌లో, లైవ్ మమ్మల్నే పెట్టమన్నాడు. వాళ్లమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది కానీ ప్రయాణం చేయలేదు.

"అన్నా, ఆ రోజు మీ సిమ్‌కు ఏదో ప్లాన్ ఉందన్నారే, దాని పేరేమి?"

చెప్పాను. మరుసటి రోజే మారాడు. చౌల్ట్రీ అదే, హొసకోటె రోడ్డుది.