పసిబిడ్డ చెవులు పక్కలకు విచ్చుకొని ఉంటే: ఆగడమా, అచ్చు పెట్టించడమా, ఆపరేషనా? ఏది మేలు?

పుట్టిన బిడ్డ చెవి డొప్పలు తలకు దగ్గరగా ఉండక పక్కలకు విచ్చుకొని కనిపించినప్పుడు, అవి వాటంతటవే సర్దుకొంటాయా లేక ఇప్పుడే ఏదైనా చేయించాలా అన్న సందేహం తల్లిదండ్రులకు కలగడం సహజం. ఇంటికి వచ్చిన ప్రతివారూ దీనికి తలా ఒక జవాబు చెప్తారు. జుట్టు పెరిగితే కనిపించవని ఒకరు, బిగుతైన టోపీ పెట్టమని ఒకరు, టేపు అంటించమని మరొకరు, పెద్దయ్యాక ఆపరేషన్ ఉందిలే అని ఇంకొకరు అంటారు. ఈ సలహాలన్నింటినీ వడపోస్తే నిజంగా ఎంచుకోవలసిన దారులు మూడే మిగులుతాయి. ఏమీ చేయకుండా ఆగడం మొదటిది. తొలి వారాల్లోనే చెవికి అచ్చు, అంటే డొప్పను సరైన ఆకారంలో పట్టి ఉంచే చిన్న సాధనం, పెట్టించడం రెండవది. బిడ్డ ఐదారేళ్ల వాడయ్యాకో, అంతకన్నా పెద్దవాడయ్యాకో శస్త్రచికిత్స చేయించడం మూడవది. వీటిని పోల్చేటప్పుడు చాలామంది ఖర్చునూ నొప్పినీ ముందు పెడతారు. నా దృష్టిలో అంతకంటే ముందు చూడవలసినది గడువు, ఎందుకంటే ఈ మూడింటిలో ఒక్క అచ్చు పద్ధతికే గడువు ఉంది. అది కూడా తల్లిదండ్రులు ఇంకా నిద్రలేమితో సతమతమయ్యే రోజుల్లోనే దాటిపోతుంది.

ముందుగా లోపం ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. చెవి పైఅంచుకు లోపలివైపున, దానికి సమాంతరంగా ఒక మడత ఉంటుంది. ఆ మడత సరిగా ఏర్పడకపోతే చెవి పైభాగం వెనక్కి వాలక ముందుకు తెరుచుకొని ఉంటుంది. కొందరిలో మడత బాగానే ఉన్నా చెవి రంధ్రం చుట్టూ ఉండే గిన్నె వంటి భాగం మరీ లోతుగా ఉండి మొత్తం డొప్పను తలకు దూరంగా నెడుతుంది. రెండూ కలిసి ఉన్న చెవులూ తక్కువేమీ కాదు. సాధారణంగా పెద్దవారిలో చెవి అంచుకూ దాని వెనుక ఉండే ఎముకకూ నడుమ దూరం రెండు సెంటీమీటర్లు దాటితే దానిని విచ్చుకొన్న చెవిగా లెక్కిస్తారు. జనాభాలో సుమారు ఐదు శాతం మందిలో ఇది కనిపిస్తుంది. తరచుగా వంశంలో వస్తుంది కనుక, తండ్రి చిన్ననాటి ఫోటో ఒకటి వెతికి చూస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. తల్లి పడుకొన్న తీరువల్లనో, బిడ్డను ఎత్తుకొన్న తీరువల్లనో ఇలా అయిందని ఎవరైనా అంటే ఆ మాటను పట్టించుకోనక్కరలేదు.

ఈ చెవులవల్ల వినికిడికి ఏ లోటూ రాదు. డొప్ప శబ్దాన్ని లోపలికి మళ్లించడానికీ, అది ఏ దిక్కు నుండి వస్తున్నదో పసిగట్టడానికీ తోడ్పడేదే అయినా, అది కొంచెం ఎక్కువ తెరుచుకొని ఉండడం వలన వినికిడి తగ్గదు. కాబట్టి మనం మాట్లాడుకొంటున్నది పూర్తిగా రూపానికి సంబంధించిన విషయం. అయితే ఈ మాట వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. డొప్ప బాగా చిన్నదిగా ఉన్నా, అసలు ఏర్పడకపోయినా, చెవి రంధ్రం మూసుకొని ఉన్నా అది వేరే సమస్య; వినికిడి పరీక్ష తప్పనిసరి. అలాగే ఇంతకాలం మామూలుగా ఉన్న చెవి ఒక్కసారిగా ముందుకు పొడుచుకు వచ్చి, దాని వెనుక ఎరుపు, వాపు, నొప్పి, జ్వరం కనిపిస్తే అది చెవి వెనుక ఎముకకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ బిడ్డను అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ వ్యాసంలోని పోలికలేవీ ఆ సందర్భానికి పనికిరావు.

ఇక ఆగడం గురించి. దీనికి ఉన్న బలం చిన్నదేమీ కాదు. గర్భంలో ఒత్తిడివల్ల ముడుచుకొనో నలిగినట్టుగానో కనిపించే చెవులు చాలావరకు మొదటి వారం పది రోజుల్లోనే వాటంతటవే సరి అవుతాయి. అందువల్ల పుట్టిన మరునాడే చెవిని చూసి కంగారుపడడం అనవసరం. కానీ మడత లేకపోవడంవల్లనో గిన్నె లోతువల్లనో వచ్చిన లోపం అలా సర్దుకొనేది కాదు. పైగా పుట్టినప్పుడు తలకు ఆనుకొని ఉన్న కొన్ని చెవులు మొదటి ఏడాదిలో క్రమంగా విచ్చుకోవడమూ ఉంది. 'పెరిగేకొద్దీ అవే తగ్గుతాయి' అన్న మాటను నమ్మి ఆగేవారు ఈ తేడాను గమనించాలి. బిడ్డ పెరిగితే తల పెరుగుతుంది, జుట్టు పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది, అందువల్ల చెవులు మునుపటంతగా కంటికి ఆనకపోవచ్చు. చెవి ఆకారం మాత్రం మారదు. ఏమీ చేయకపోవడం తప్పు కాదని నేను గట్టిగా నమ్ముతాను, కానీ అది తెలిసి తీసుకొన్న నిర్ణయం కావాలి. సరి అవుతుందన్న ఆశతో నెలలు గడిపి, ఆ తరువాత అచ్చు గురించి విని బాధపడడం వేరు; అచ్చు గురించి తెలిసీ వద్దనుకోవడం వేరు.

అచ్చు పద్ధతి పనిచేయడానికి కారణం బిడ్డ ఒంట్లో మిగిలి ఉన్న తల్లి హార్మోనే. పుట్టిన కొత్తలో శిశువు రక్తంలో తల్లి నుండి వచ్చిన ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావంతో డొప్పకు ఆకారమిచ్చే మృదులాస్థిలో (ఎముక కంటే మెత్తగా, వంగేలా ఉండే భాగంలో) హైలురోనిక్ ఆమ్లం అనే పదార్థం పెరిగి, చెవి తడి మట్టిలా ఎటు వంచితే అటు వంగే స్థితిలో ఉంటుంది. ఆ హార్మోన్ మొదటి రోజుల్లోనే తగ్గడం మొదలై సుమారు ఆరు వారాలకు మామూలు స్థాయికి చేరుతుంది, మృదులాస్థి కూడా దానితోపాటే బిగుసుకొంటుంది. జపాన్‌కు చెందిన సర్జన్ కియోషి మాత్సువో, ఆయన సహచరులు 1984లో ఈ మెత్తదనాన్ని ఉపయోగించుకొని కత్తి పెట్టకుండానే శిశువుల చెవులను సరిచేయవచ్చని వివరంగా ప్రచురించారు. ఇప్పుడు అనేక దేశాల్లో దొరుకుతున్న సాధనాలు ఆ ఆలోచనకు కొనసాగింపులే. కొన్నింటిలో మెత్తని పూత ఉన్న సన్నని తీగను చెవి పైఅంచు లోపలి గాడిలో అమర్చి, మడతను నిలబెట్టి, పైన టేపు అంటిస్తారు. మరికొన్నింటిలో చెవి మొత్తాన్ని ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టిలో ఉంచి లోపలి నుండి ఆకారం ఇస్తారు.

మొదటి రెండు మూడు వారాల్లో మొదలుపెడితే తరచుగా కొన్ని వారాల్లోనే ఆకారం నిలుస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ అచ్చును ఎక్కువ కాలం ఉంచవలసి వస్తుంది, ఫలితంపై భరోసా తగ్గుతుంది. మూడు నెలలు దాటాక ప్రయోజనం బాగా పడిపోతుంది. వయసుతో ఇంకో చిక్కు కూడా వస్తుంది. రెండు వారాల బిడ్డ చెవి మీద ఏముందో పట్టించుకోడు గాని, నాలుగు నెలల బిడ్డ చేతితో పట్టుకొని లాగేస్తాడు. లోపం మడతలో ఉన్నప్పుడు ఈ పద్ధతి ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. గిన్నె లోతు ఎక్కువైన చెవిని మలచడం కష్టం, దానికి తగిన సాధనమూ, చేయి తిరిగిన వైద్యుడూ కావాలి. మొదలుపెట్టే ముందే ఆ వైద్యుణ్ణి లోపం ఏ రకమో అడిగి తెలుసుకొంటే తరువాతి నిరాశ తప్పుతుంది.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి, కానీ చిన్నవి. టేపు కింద చర్మం ఎర్రబడడం, పొక్కడం, ఒత్తిడి పడిన చోట పుండ్లు పడడం సాధారణంగా ఎదురయ్యేవి. వాటిని త్వరగా గమనించి కొన్ని రోజులు తీసివేస్తే మానిపోతాయి. తల్లిదండ్రుల ఓపిక మాత్రం బాగానే ఖర్చవుతుంది: తడి తగలకుండా స్నానం చేయించాలి, ఊడిన టేపును మళ్లీ అంటించడానికో అంటింపించుకోవడానికో తిరగాలి, పాలు పట్టేటప్పుడు చెవి నలగకుండా చూసుకోవాలి. ప్రసవం నుండి ఇంకా కోలుకోని తల్లి మీద ఈ భారం ఒక్కటే పడితే అది అన్యాయమవుతుంది. ఇంట్లో రెండో మనిషి పంచుకోగలిగితేనే మొదలుపెట్టడం మంచిది.

ఇక్కడే ఇంటి టేపు ప్రసక్తి వస్తుంది. మందుల దుకాణంలో దొరికే టేపుతో చెవిని తల వెనక్కి అంటించడం, బిగుతైన పట్టీ కట్టడం అచ్చు పద్ధతికి చౌక రూపాలని అనుకోవడం పొరపాటు. లేని మడతను సృష్టించాలంటే చెవి ముందువైపున ఆ ఆకారాన్ని ఇచ్చే వస్తువు ఉండాలి. ఊరికే వెనక్కి నొక్కితే చెవి నొక్కినంతసేపు ఆనుకొని ఉంటుంది, లేదా తప్పు చోట వంగుతుంది. ఊడిన టేపు ముక్క బిడ్డ నోట్లోకి పోవచ్చు, నిద్రలో పట్టీ జారి ముక్కు మీదికో మెడ మీదికో రావచ్చు. నూనె రాసి చెవులను వెనక్కి మర్దన చేయడంవల్ల హాని లేకపోవచ్చు గాని మడత మాత్రం రాదు. ప్రయోజనం అనుమానమై, ప్రమాదం మాత్రం నిజమైన పని కనుక ఈ దారిని నేను పోలికలోకే తీసుకోను.

శస్త్రచికిత్స సంగతి వేరు. దానికి గడువు లేదు, ఫలితం నమ్మదగినది, చరిత్రా పెద్దదే. పొడుచుకొని ఉన్న చెవులను కేవలం రూపం కోసం సరిచేసిన తొలి శస్త్రచికిత్సను 1881లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ టాల్‌బాట్ ఈలీ వివరించాడు. అతని రోగి 12 ఏళ్ల బాలుడు. 1963లో స్కాట్లాండ్ సర్జన్ ముస్టార్డే మృదులాస్థిని కోయకుండా కుట్లతోనే మడతను నిలబెట్టే పద్ధతిని, 1968లో అమెరికా సర్జన్ ఫర్నాస్ లోతైన గిన్నెను వెనుక ఎముకకు కుట్టి దగ్గరచేసే పద్ధతిని ప్రచురించారు. నేటి సర్జన్లు లోపాన్నిబట్టి వీటిలో ఒకటో, రెండూ కలిపో వాడతారు. కోత చెవి వెనుక ఉంటుంది కనుక మచ్చ ఎదుటివారికి కనిపించదు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. ఆ తరువాత కొన్ని రోజులు తలకట్టు, మరికొన్ని వారాలు రాత్రిపూట పట్టీ ఉంటాయి, చెవికి దెబ్బ తగిలే ఆటలకు కొంతకాలం దూరంగా ఉండాలి. చిన్నపిల్లలకైతే పూర్తి మత్తు అవసరం. చర్మం కింద రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, కుట్లు బయటికి రావడం, రెండు చెవులు కచ్చితంగా ఒకేలా లేకపోవడం, కొంత భాగం మళ్లీ ముందుకు రావడం, కొందరి చర్మంలో మచ్చ లావెక్కడం దీనికున్న నష్టాలు. ఇవి అరుదుగానే జరిగినా, టేపు కింద ఎర్రదనంతో పోల్చదగినవి కావు.

ఐదేళ్లు అన్న గీత ఎందుకు వచ్చిందంటే, ఆ వయసుకు చెవి పెద్దవారి పరిమాణానికి చాలావరకు దగ్గరవుతుంది, మృదులాస్థి కుట్టును నిలబెట్టుకొనేంత గట్టిపడుతుంది. బడిలో వెక్కిరింపులు మొదలయ్యేలోపే పని ముగించాలన్న ఆలోచన కూడా దీని వెనుక ఉంది. కొందరు సర్జన్లు అందుకే బడికి ముందే చేయిస్తే మంచిదంటారు. ఈ చివరి వాదనతో నాకు పేచీ ఉంది. ఎవరూ ఇంకా ఏమీ అనని, తానుగా అద్దంలో ఏ లోపమూ చూడని ఐదేళ్ల పిల్లను, రాబోయే వెక్కిరింపు నుండి కాపాడతామంటూ మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెట్టడం, తల్లిదండ్రుల భయానికి పిల్ల చేత మూల్యం చెల్లింపించడమే అవుతుంది. అదే పిల్ల ఏడేళ్లకో తొమ్మిదేళ్లకో వచ్చి 'నా చెవులు ఇలా వద్దు' అని పదేపదే చెప్తే, జుట్టు చెవుల మీదికి లాక్కొంటూ ఫోటోలకు రానంటే, అప్పుడు ఆపరేషన్ నిజమైన అవసరాన్ని తీరుస్తుంది. తానే కోరుకొన్న పిల్ల తలకట్టును కూడా బాగా భరిస్తుంది. కొంచెం పెద్ద పిల్లలకైతే చెవి వరకే మత్తు ఇచ్చి చేయడమూ కుదురుతుంది. అయితే ఐదేళ్లకే పిల్ల ఏడుస్తూ బడి నుండి తిరిగి వస్తుంటే, పదేళ్లు నిండాలని ఆగమనడం కూడా మొండితనమే.

ఈ లెక్కన ఏది మేలన్న ప్రశ్నకు జవాబు బిడ్డ వయసును బట్టి మారుతుంది. బిడ్డ ఇంకా వారాల పసికందు అయితే, మొదటి వారం గడిచాక కూడా చెవులు విచ్చుకొనే ఉంటే, ఈ పనిలో అనుభవమున్న ఈఎన్‌టీ వైద్యుడికో ప్లాస్టిక్ సర్జన్‌కో వెంటనే చూపించి అచ్చు పెట్టించడమే నా ఓటు. కొన్ని వారాల అసౌకర్యం, నయమైపోయే చర్మపు ఎరుపు ఒకవైపు, భవిష్యత్తులో కత్తి అవసరం తప్పే అవకాశం ఒకవైపు ఉంచితే మొదటిది చవక బేరమే. ఒకవేళ అచ్చు విఫలమైనా శస్త్రచికిత్స దారి మూసుకుపోదు. రెండు నెలలు దాటిన బిడ్డ విషయంలో మొహమాటం లేకుండా అడగాలి: ఈ వయసులో, ఈ రకం చెవికి, మీ చేతుల్లో ఎంతవరకు ఫలితం వచ్చింది? జవాబు తడబడితే వదిలేయవచ్చు.

మూడు నెలలు దాటిన బిడ్డ విషయంలోనైతే ఆగడమే మేలు, అది నిజమైన ఆగడం కావాలి. అంటే ప్రతి పండుగ ఫోటోలో చెవుల మీదికి టోపీ లాగడం, బిడ్డ వినేచోట చుట్టాలతో ఆపరేషన్ ముచ్చట్లు పెట్టడం, 'చేట చెవులు' అని ముద్దుగానైనా పిలవడం మానుకోవాలి. చెవులను లోపంగా చూడడం పిల్లలు చాలాసార్లు మొదట ఇంట్లోనే నేర్చుకొంటారు. బడిలో ఎవరైనా అంటే టీచరుతో మాట్లాడవలసిన విషయం వెక్కిరింపు, చెవి కాదు. పిల్ల తానుగా అడిగిన రోజున సర్జన్ దగ్గరకు తీసుకువెళ్లి, తనకు అర్థమయ్యేలా అన్నీ చెప్పించి, వద్దంటే తిరిగి వచ్చేయాలి. ఈ శస్త్రచికిత్స పదహారేళ్లకైనా, ముప్పై ఏళ్లకైనా చేస్తారు.