వంటలక్క పోయినప్పుడా, విల్ ఏడ్చినప్పుడా?

ఏ టీవీ సీన్ ఎక్కువ ఏడిపించింది అంటే మా దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో రెండు పార్టీలు. అమ్మ, పిన్ని కార్తీకదీపం వైపు. 2022లో యాక్సిడెంట్ పెట్టి డాక్టర్ బాబుని, వంటలక్కని ఒకేసారి చంపేశారు కదా, 2017 నుంచి రోజూ ఇంటికొచ్చినట్టు టీవీలో కనపడ్డ మనుషులాయె, పిన్నికి ఆరోజు కుక్కర్ విజిల్ కూడా వినపళ్లేదు. ఆ ఏడుపు నిజమే, కాదనను. కానీ అదే ఏడాది మళ్లీ బతికించి తెచ్చారు చూడండి, అక్కడ పోయింది నాకు, కన్నీళ్లన్నీ వేస్ట్.

నా ఓటు అమెరికన్ షో ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్-ఎయిర్‌లో 1994 ఎపిసోడ్‌కే. అందులో ఎవరూ చావరు, పైగా కామెడీ షో. హీరో విల్‌ని చిన్నప్పుడే వదిలేసి పోయిన తండ్రి తిరిగొచ్చి, వెంట తీసుకెళ్తా అని ఆశపెట్టి మళ్లీ జారుకుంటాడు. విల్ ముందు నాకేం పర్లేదంటాడు, ఆయన లేకుండానే బాస్కెట్‌బాల్ నేర్చుకున్నా, డ్రైవింగ్ నేర్చుకున్నా, షేవింగ్ నేర్చుకున్నా అని గొంతు పెంచుతూ పోతాడు, చివరికి నేనెందుకు అక్కర్లేదు ఆయనకి అనేసరికి, విల్‌ని ఇంట్లో పెట్టుకుని చూసుకునే అంకుల్ ఫిల్ మాట్లాడకుండా గట్టిగా హత్తుకుంటాడు. పక్కన నాన్న కోసం కొన్న బొమ్మ, తండ్రీకొడుకుల బొమ్మే.

పిన్నికి కూడా చూపించా. "ఒక్కో మొహం మూడేసిసార్లు చూపించలేదేంట్రా" అంది.